లవ్లీ అని రాయాల్సిన పదిహేడు చీటీలు

జూన్‌లో ఒక ఉత్తరం వచ్చింది. మా స్కార్‌బెక్ ప్రదర్శన సంఘానికి కొత్తగా కార్యదర్శి అయిన జెరెమీ పెల్హామ్ రాశాడు. ఆయన గుమ్మానికీ నా గుమ్మానికీ నలభై గజాలు. అయినా తపాలా బిళ్ళ అంటించి పంపాడు.

ఉత్తరంలో ఉన్నది ఇది. ఈ ఏడు నుంచి తీర్పరులు ప్రతి వస్తువు పక్కనా పెట్టే చీటీ మీద పూర్తి వాక్యం రాయాలి. ఆ వాక్యంలో లవ్లీ అనే మాట ఒక్కసారైనా ఉండాలి. సమ్మతం కానివారు తమ తీర్పరి తెల్లకోటును జూలై ఆఖరులోగా సంఘానికి తిరిగి ఇవ్వవచ్చు.

'ఇవ్వవచ్చు' కింద గీత గీశాడు. ఆ గీత నాకోసం.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పార్కిన్ బల్లకు తీర్పరిని. పార్కిన్ అంటే అల్లం, ఓట్స్ పిండి, నల్లటి చెరకు పాకం కలిపి కాల్చే రొట్టె. కాల్చిన రోజు తినకూడదు. మూతపడే డబ్బాలో వారం పది రోజులు దాచాలి. అప్పుడే పాకం పైకి తేలి జిగురు పడుతుంది. ఇది మా లోయలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. నాకు ఒకప్పుడు అరవై గొర్రెలుండేవి. అమ్మేశాను. హిల్డా ఉండేది. పోయింది. కోటు ఉంది.

నిరుడు జరిగిన సంగతి చెప్పాలి. పెల్హామ్ దక్షిణాది మనిషి. పళ్ళ డాక్టరుగా పనిచేసి, రిటైరై, మా ఊళ్ళో ఇల్లు కొన్నాడు. నిరుడు ఆయనా ఒక పార్కిన్ పెట్టాడు. ఆ పొద్దున కాల్చి, ఆ పొద్దునే తెచ్చాడు. ఇసుకలా రాలింది. ఎవరో కొత్తగా నేర్చుకున్నవాళ్ళదని జాలిపడి చీటీ మీద 'తినొచ్చు' అని రాశాను. మా లోయలో తినొచ్చు అంటే పతకం ఇచ్చినంత పని. మా నాన్న మా అమ్మ వంటను నలభై ఏళ్ళలో రెండుసార్లే ఆ మాట అన్నాడు. రెండోసారి అమ్మ ఏడ్చింది, సంతోషంతో.

పెల్హామ్ కూడా ఏడ్చినంత పని చేశాడు. ఆయనది సంతోషం కాదు. ప్రదర్శన గుడారం వెనక తాళ్ళ దగ్గర నిలబడి చాలాసేపు ముక్కు చీదుకున్నాడని తర్వాత విన్నాను. ఆ శీతాకాలం కార్యదర్శి పదవి ఖాళీ అయింది. ఎవరూ ముందుకు రాలేదు. ఆయన వచ్చాడు. దాని ఫలితం ఈ ఉత్తరం.

లవ్లీ అనే ఆ మాటతో నాకు రెండు పేచీలున్నాయి.

మొదటిది పాతది. మా ఊరి బడిలో ఒకే గది, ఒకే టీచరు. మిస్ హెస్కెత్. ఇంగ్లాండులో జనం టీనీ లవ్లీ అంటారు, బస్సు వేళకొస్తే లవ్లీ అంటారు, చిల్లర తిరిగి చేతిలో పడితే లవ్లీ అంటారు. నోటితో ఎన్నిసార్లైనా అనండి, కాగితం మీద పెట్టేముందు మాత్రం ఆగండి అనేది ఆవిడ. ఒకరోజు ఆ మాటతో పది వాక్యాలు రాయమంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తొమ్మిది వాక్యాలు కొట్టేసింది. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే ప్రశ్న. "ఇది పోతే ఏడుస్తావా?" కొత్త పెన్సిలు పోతే ఏడవను. కొట్టివేత. రాణిగారి టోపీ పోతే ఏడవను. కొట్టివేత. పదో వాక్యం, మా ఫ్లై లవ్లీ కుక్క అని. ఫ్లై అంతకు ముందు వారమే చచ్చిపోయింది. ఆవిడ ఏమీ అడగకుండా టిక్కు పెట్టింది.

రెండో పేచీ నాలుగేళ్ళది. హిల్డాను పూడ్చిన రోజు వాన. పాటల పుస్తకంలో తప్పు పాట తీశారు. ఆర్గాన్ వాయించేవాడు జలుబుతో మధ్యలో రెండుసార్లు ఆగాడు. బయటికి వస్తుంటే చర్చి గుమ్మంలో పదకొండుమంది నా చెయ్యి పట్టుకుని, "లవ్లీగా జరిగింది, నార్మన్" అన్నారు. పదకొండుమందినీ లెక్కపెట్టాను. ఒక్కరినీ క్షమించలేదు. వాళ్ళలో పెల్హామ్ ఒకడు. అప్పటికి ఊరికొచ్చి పది రోజులు. హిల్డా ఎవరో కూడా తెలియదు.

ఆ మాట అననిది విన్నీ పీకాక్ ఒక్కతే. మా పక్కింటి మనిషి. తడిసిన టోపీ పిండుకుంటూ, "తప్పు పాట పాడారు. హిల్డా అయితే పగలబడి నవ్వేది" అంది. అదీ మాట్లాడటమంటే.

జూలై ఆఖరివారంలో విన్నీ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏమయ్యా నార్మన్, కోటు ఇచ్చేశావా, ఇంకా పట్టుకు వేలాడుతున్నావా?"

"ఇవ్వను."

"అయితే ఆ మాట రాస్తావన్నమాట."

"రాయను."

"రెండూ కుదరవు నాయనా. గొర్రె దొడ్లోనన్నా ఉండాలి, బయటన్నా ఉండాలి. గోడమీద కూర్చోదు."

"మా నల్లమూతి గొర్రె కూర్చునేది."

"కూర్చుని కాలు విరగ్గొట్టుకుంది. నేనే కదా కట్టు కట్టింది." ఆమె గోడమీద మోచేతులు ఆనించి, "ఈ ఏడు నేను పార్కిన్ పెట్టట్లేదు. నీ బల్ల దగ్గర చీటీలు మొయ్యడానికి ఒప్పుకున్నా" అంది.

నమ్మలేకపోయాను. విన్నీ ఇరవై ఆరేళ్ళుగా పెడుతోంది. పద్నాలుగుసార్లు రెండో బహుమతి ఇచ్చాను. చీటీలు మోసే పని ఇరవై ఏడేళ్ళపాటు హిల్డాది. నా వెనకే తడిగుడ్డ పట్టుకుని నడిచేది. నేను రాసిన ప్రతి చీటీ చదివి, "బతికే ఉంటార్లే" అనేది. నాలుగేళ్ళుగా నా చీటీలు నేనే మోసుకున్నాను.

"ఎందుకు పెట్టట్లేదు?"

"ఎప్పుడూ అంచులు ఎండిపోయాయంటావు. ఈసారి ఎండిపోయేది నువ్వే కదా, దగ్గరుండి చూద్దామని."

తల గోడవతలికి దిగిపోయింది.

ప్రదర్శనకు ముందురోజు కోటు ఉతికాను. యంత్రంలో హిల్డా ఎర్ర వంటింటి తువ్వాలు ఒకటి చిక్కుకుని ఉంది. చూడలేదు. కోటు గులాబీ రంగులో బయటికొచ్చింది. మళ్ళీ ఉతికాను. ఇంకాస్త గులాబీ అయింది. అదే ఆరేశాను.

శనివారం పొద్దున పదింటికి గుడారంలోకి వెళ్ళాను. వాన తెల్లవారుజామునే వెలిసింది. తీర్పు చెప్పే వేళ లోపలికి జనాన్ని రానివ్వరు. ఒంటిగంటకు తెరుస్తారు. విన్నీ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. పెదాలు బిగబట్టింది. తర్వాత పొన్నుకర్రలా నిలబడి, చాలా గంభీరంగా, "కానివ్వండి, దొరగారూ" అంది.

బల్ల మీద పదిహేడు పార్కిన్‌లు. ఒక్కోదాని ముందూ ఒక్కో అంకె. పేరు రాసిన కాగితం మడిచి అంకె అట్ట కింద పెడతారు. నేను అన్ని చీటీలూ రాసి సంతకం పెట్టాకే వాటిని విప్పాలి. విప్పాక చీటీలో అక్షరం మార్చకూడదు.

ఒకటో అంకె అడుగు మాడింది. కలం తీశాను. మామూలుగా అయితే 'మాడింది' అని రాసి పక్కకు జరిగేవాణ్ణి. విన్నీ చీటీ నా ముందు పెట్టి, దగ్గింది.

పార్కిన్‌ను చూశాను. దాని కింద ఉన్న పళ్ళెం చూశాను. నీలం అంచు, ఒకచోట చిన్న పెచ్చు. రాశాను: 'అడుగు మాడిన ఈ పార్కిన్‌ను లవ్లీ పళ్ళెంలో పెట్టారు.'

విన్నీ చదివింది. "ఇదేం మోసమయ్యా?"

"మోసం ఎక్కడుంది? పూర్తి వాక్యం. మాట ఉంది."

"మిస్ హెస్కెత్ దగ్గర నేనూ చదివా. ఆ పళ్ళెం పగిలితే ఏడుస్తావా?"

"అది హిల్డా పళ్ళెం. తను పోయాక సామాను ఊరి హాలుకు ఇచ్చేశాను. ఎవరో అక్కణ్ణుంచి అడిగి తెచ్చుకున్నట్టున్నారు."

విన్నీ పళ్ళెం వైపు చూసింది. చీటీ తీసుకుని ఒకటో అంకె ముందు నిలబెట్టింది.

రెండోదాంట్లో ఉప్పు ఎక్కువైంది. రెండు గుక్కల నీళ్ళు తాగాను. మా వాగు నీళ్ళే, గొట్టంలో వస్తాయి. 'దీని తర్వాత తాగిన నీళ్ళు లవ్లీ' అని రాశాను. మూడోది చప్పన. నములుతూ గుడారం తలుపు సందులోంచి చూశాను. 'ఇది తినేటప్పుడు ఎదురుగా కొండ ఎండలో లవ్లీగా కనిపించింది' అని రాశాను. నాలుగోదాంట్లో తప్పు లేదు, గొప్పా లేదు. 'ఈ లవ్లీ ఉదయాన్ని ఈ పార్కిన్ ఏమీ పాడుచేయలేదు.'

"అబ్బో, నాలుగోవాళ్ళకు పతకమే" అంది విన్నీ.

అయిదోది రాయి. నా కట్టుడుపళ్ళు ఒకవైపు కదిలాయి. 'ఇది చేసినవారు తమ లవ్లీ పళ్ళను కాపాడుకోవాలని మనవి.' విన్నీ గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పళ్ళు పోతే ఏడుస్తారా?"

"నేను ఏడ్చాను."

అలా సాగింది. బయట గొర్రెలు తోలే పోటీ దగ్గర కుక్కలు మొరుగుతున్నాయి. ఆరోదానికి ఆ కుక్కలు వచ్చాయి. ఏడోదానికి గుడారం మీద పడే ఎండ వచ్చింది. ఎనిమిదోది తింటుంటే బ్యాండువాళ్ళు వాయిద్యాలు సరిచూసుకుంటున్నారు. తూతూ మంటున్న పెద్ద కొమ్ము ఐవ్‌సన్‌ది. కసాయికొట్టు మనిషి. యాభై ఏళ్ళుగా అదే తప్పు స్వరం ఊదుతాడు. అది ఆగిపోతే ఊరు ఊరులా ఉండదు. రాశాను. తొమ్మిదోదానికి ముందు కలం పట్టుకుని ఇంకా ఏముందా అని చుట్టూ చూశాను.

విన్నీ వేళ్ళు మడుస్తోంది. "పళ్ళెం. నీళ్ళు. కొండ. పొద్దు. పళ్ళు. కుక్కలు. ఎండ. ఐవ్‌సన్ కొమ్ము. ఏమయ్యా, నీకు ఇన్నున్నాయా? నేనింకా కోటొక్కటే అనుకున్నా."

"నోరు మూసుకుని తొమ్మిదో చీటీ ఇయ్యి."

ఇచ్చింది. ఇస్తూ నవ్వింది. నేను కూడా నవ్వానని తర్వాత అందరికీ చెప్పింది. నాకు గుర్తులేదు.

పదకొండో అంకె దగ్గర ఆగాను. పైభాగం చెమ్మగా మెరుస్తోంది. కత్తి పెడితే గీసుకోకుండా దిగింది. ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు పాకం, తర్వాత ఓట్స్. అల్లం ఎక్కడా అనుకునేలోపు వెనకనుంచి వచ్చి తట్టింది. అంచు కూడా తిన్నాను. మెత్తగా ఉంది. తీర్పరి ఒక్క ముక్కే తినాలి. రెండోది తిన్నాను. మూడోది తీస్తుంటే విన్నీ చూసింది. పెట్టేశాను.

చుట్టూ చూడలేదు. రాశాను: 'ఇది లవ్లీ పార్కిన్.'

విన్నీ చీటీ తిప్పి చూసింది. "అంతేనా? కొండా కుక్కా ఏమీ లేవే?"

"లేవు."

"పోతే?"

"బల్లమీంచి ఎవరైనా తీస్తే కర్ర పట్టుకుంటా." కొంచెం తగ్గి అన్నాను: "ఇన్నేళ్ళకు అంచులు ఎండనివ్వలేదు విన్నీ. బాగా చేశావు."

"పెట్టలేదని చెప్పా కదా మనిషీ."

మిగతా ఆరూ అయ్యాయి. పన్నెండున్నరకు పదిహేడు చీటీల మీదా సంతకం పెట్టాను. విన్నీ అట్టల కింద కాగితాలు విప్పుకుంటూ వచ్చింది. పదకొండో దగ్గర కాగితం విప్పి నా ముక్కు ముందు పట్టుకుంది.

జె. పెల్హామ్.

సిరా ఆరిపోయింది. మార్చకూడదు. మార్చాలని అనిపించింది. అబద్ధం చెప్పి లాభం లేదు.

"నీకు తెలుసు" అన్నాను.

"నేర్పిందెవరనుకున్నావు? ఫిబ్రవరి నుంచి నా వంటింట్లోనే ఉన్నాడు మనిషి. నాలుగు గిన్నెలు మాడ్చాడు. పది రోజులు డబ్బా మూత తియ్యొద్దన్నా. తొమ్మిదో రోజు పొద్దున్నే వచ్చి, 'ఇంకా ఒక్కరోజు ఉండాలా విన్నీ గారూ' అని గుమ్మంలో నిలబడ్డాడు. పాపం, చంటిపిల్లాడిలా."

"కోటు నిలబెట్టుకోవడానికి కార్యదర్శికి మొదటి బహుమతి కట్టబెట్టానంటారు."

"అంటారు."

"లోయంతా అంటుంది."

"అననీ. నిన్ను అనకుండా మిగిలిన మాట ఏదన్నా ఉందా? అదొక్కటే ఉంది, అదీ అనేస్తే తీరిపోతుంది." మొదటి బహుమతి ఎర్ర రిబ్బను తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెడతావా, నన్ను పెట్టమంటావా?"

నేనే పెట్టాను.

ఒంటిగంటకు గుడారం తెరిచారు. మామూలుగా పార్కిన్ బల్ల దగ్గరికి పెట్టినవాళ్ళు తప్ప ఎవరూ రారు. వచ్చి, చీటీ చదివి, నన్ను తిట్టుకుంటూ గొర్రెల వైపు పోతారు. ఐవ్‌సన్ కొమ్ము చంకలో పెట్టుకుని ముందుగా వచ్చాడు. అయిదో అంకె అతని భార్యది. చీటీ చదివాడు. తర్వాత కొమ్ము కింద పడేంత నవ్వాడు. "మార్జరీ! ఇట్రా! నీ పళ్ళు జాగ్రత్త అంటున్నాడు!" మార్జరీ వచ్చింది. చదివింది. నా వైపు చూపుడు వేలు ఎత్తింది. ఆ వేలు కూడా నవ్వుతోంది. పక్కకు జరిగి ఎనిమిదోది చదివి, "ఇదుగో, నీ కొమ్ము సంగతీ ఉంది, ఆగు" అని మొగుడి చొక్కా పట్టి లాగింది.

పావుగంటలో వరస కట్టారు. పార్కిన్ బల్లకు వరస కట్టడం నా ఎరుకలో లేదు. ఒకరు గట్టిగా చదవడం, పదిమంది నవ్వడం. ఉప్పు ఎక్కువైనవాళ్ళు తమ చీటీ తామే చదివి వినిపించారు. వెనకవాళ్ళు నన్ను చూసి కూడా నవ్వుతున్నట్టు అనిపించింది. కోటు రంగు అనుకున్నాను.

పెల్హామ్ రెండింటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. నవ్వులు తగ్గాయి. ఒకటో అంకెనుంచి మొదలుపెట్టి ఒక్కోటీ వంగి చదివాడు. ముఖం ఎర్రబడుతూ వచ్చింది. తన నియమాన్ని ఊరంతటి ముందూ ఆటపట్టించానని అనుకున్నాడు. కోటు గుండీలు విప్పుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను.

పదకొండు దగ్గరికి వచ్చాడు. రిబ్బను చూశాడు. చీటీ చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"ఆల్డర్సన్ గారూ, ఇది వేళాకోళమా?"

"కాదు."

"మిగతావన్నీ..."

"మిగతావీ కాదు. అందులో రాసినవన్నీ నిజమే. విన్నీని అడగండి. ఒక్కోదానికీ నన్ను నిలదీసింది."

ఆయన ఇంకా చీటీ చూస్తూనే ఉన్నాడు. "మరి నాదాంట్లో కొండ లేదేం?"

"అవసరం లేకపోయింది."

పెల్హామ్ చీటీ మీంచి తల ఎత్తాడు. "నిరుడు మీ చీటీ చూసి ఇల్లు అమ్ముదామనుకున్నానండీ. బోర్డు కూడా రాయించాను."

"తినొచ్చు అని రాశాను కదా!"

"అవును. అంటే ఇక్కడ మెచ్చుకోలని విన్నీ గారు మొన్న చెప్పారు. మొన్న!"

"మీరు అడగలేదు" అంది విన్నీ.

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి పెల్హామ్ కూడా నవ్వాడు. దక్షిణాదివాళ్ళు నోరు తెరిచి నవ్వరనుకునేవాణ్ణి. పళ్ళు బాగానే ఉన్నాయి.

"కోటు సంగతి చెప్పండి" అన్నాను.

"పదిహేడూ పూర్తి వాక్యాలు. పదిహేడింటిలోనూ మాట ఉంది. కోటు మీదే. వచ్చే ఏడు కూడా." గొంతు తగ్గించాడు. "ఆల్డర్సన్ గారూ, ఆ రోజు చర్చి గుమ్మంలో... ఏదో ఒకటి అనాలి కదా అని అనేశాను. విన్నీ గారు చెప్పేదాకా మీరు పట్టించుకున్నారని తెలియదు. తప్పే."

"తప్పే" అన్నాను.

చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. క్షమించనివాళ్ళు ఇప్పుడు పదిమంది.

మూడో ముక్క ఆయనే కోసి ఇచ్చాడు. తిన్నాను. బ్యాండు మొదలైంది. ఐవ్‌సన్ తన తప్పు స్వరం ఊదాడు. నాలుగో వరసలో ఎవరో, "లవ్లీ!" అని అరిచారు. మైదానమంతా అందుకుంది. నేను గొర్రెల దగ్గరికి వెళ్ళినా నవ్వారు, టీ గుడారానికి వెళ్ళినా నవ్వారు. చర్చి ఫాదరు కూడా నా వెనక్కి వచ్చి ఏదో చదువుతున్నట్టు తల వంచి, భుజం తట్టి పోయాడు. కార్యదర్శికి కట్టబెట్టానని మాత్రం ఎవరూ అనలేదు. పెల్హామ్ పార్కిన్ మూడింటికల్లా ఒక్క ముక్క మిగలకుండా అయిపోయింది. తిన్నవాళ్ళకు ఇక అనడానికి ఏమీ లేదు.

ఆరింటికి ఇల్లు చేరాను. కిటికీలోంచి ఎండ ఇంకా బాగానే పడుతోంది. చేతిలో నీలం అంచు పళ్ళెం ఉంది. ఊరి హాలువాళ్ళు తిరిగి తీసుకుపొమ్మన్నారు. బల్ల మీద పెట్టి, కోటు విప్పాను.

వీపు మీద పిన్నుతో గుచ్చిన తీర్పరి చీటీ ఉంది. విన్నీ రాత. పొద్దున పదకొండో అంకె దగ్గరో, పన్నెండో అంకె దగ్గరో గుచ్చి ఉంటుంది. మధ్యాహ్నమంతా దాన్ని మోసుకుని ఊరేగాను.

'కొంచెం ఎండింది, కొంచెం పులిసింది, అయినా ఈ లవ్లీ కోటు వేసుకున్నది ఇంకా తినొచ్చు.'

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాను. పూర్తి వాక్యం. మాట ఉండవలసిన చోట ఉంది. కలం తీసుకుని బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను, దిద్దుదామని. దిద్దడానికి ఏమీ దొరకలేదు. పక్కన టిక్కు పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి విన్నీని పిలిచాను.